చిట్టి కళ్ల నీళ్ల గురించి

ఒరే శీనూ,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. పాప హాస్టల్‌కి వెళ్లిన దగ్గర్నుంచి మీ కుక్క చిట్టికి కళ్లు కారుతూనే ఉన్నాయని, ముక్కు పక్కన ఎర్రటి చారలు కట్టాయని, అది పాప కోసమే ఏడుస్తోందని రాశావు. చదివాక నాకు నిద్ర పట్టలేదురా. మా కుక్క స్నోయీ విషయంలో మేమూ అచ్చం ఇలాగే అనుకున్నాం.

నాన్న చనిపోయిన వారానికి దాని ఎడమ కన్ను కారడం మొదలైంది. "పెద్దాయన కోసం ఏడుస్తోంది పిచ్చిది" అని అమ్మ కొంగుతో తుడిచేది, పెరుగన్నం ముద్దలు చేసి నోటికందించేది. పదో రోజుకి కన్ను సగం మూసుకుపోయింది, ముందుకాలితో రుద్దుకుంటోంది. డాక్టరు కంట్లో రంగు చుక్క వేసి, నీలం లైటు పెట్టి చూపించాడు. నల్లగుడ్డు మీద ఆవగింజంత మచ్చ, ఆకుపచ్చగా మెరుస్తోంది. పుండురా అది. రెప్ప లోపలి అంచున మొలిచిన ఒకే ఒక్క వెంట్రుక, రెప్ప ఆర్పినప్పుడల్లా గీరుకుపోతోందట. పది రోజులు అది నొప్పితో అల్లాడుతుంటే మేం దిగులనుకుని జాలిపడుతూ కూర్చున్నాం.

కుక్కలు బాధకి మనలా కన్నీళ్లు కార్చవట. 2022లో జపాన్ పరిశోధకులు చూసింది కూడా, గంటల తర్వాత యజమాని ఇంటికొస్తే కుక్క కంట్లో తడి పెరగడమే. మీ చిట్టి లాంటి షిట్జు జాతి కుక్కలకి ముక్కు పొట్టి, కళ్లు ఉబికి ఉంటాయి. కన్నీళ్లు ముక్కులోకి దిగే సన్నటి దారి వంకర తిరిగో, పూడిపోయో ఉంటే నీళ్లు బయటికి పొర్లుతాయి. ఆ ఎర్రచార రక్తం కాదులే, కన్నీళ్లలో ఉండే పార్ఫిరిన్ అనే పదార్థం వల్ల పడే మరక.

మరి స్నోయీకి దిగులు లేదా అంటే, ఉంది. సాయంత్రం ఆరింటికి, నాన్న స్కూటర్ వచ్చే వేళకి, గేటు దగ్గర చెవులు రిక్కించి నిలబడేది. చీకటి పడ్డాక ఆయన చెప్పుల మీద గడ్డం ఆనించి పడుకునేది. పిలిస్తే చెవి కదిలేది, తోక కదిలేది కాదు. బిస్కెట్ వాసన చూసి వదిలేసేది. ఇవన్నీ మా కళ్లముందే జరిగినా, మేం దాని కంటినే చూస్తూ ఉండిపోయాం. చిట్టి కూడా పాప గది గుమ్మం దగ్గరే పడుకుంటోందా? బంతి విసిరితే లేస్తోందా? అది రాయలేదు నువ్వు. తిండి మానేస్తే మాత్రం దిగులే అనుకోకు, జబ్బు చేసినా అలాగే ఉంటాయి.

ఈ వారంలోనే డాక్టరుకి చూపించు. కన్ను చికిలించినా, పచ్చటి పుసి కట్టినా, గుడ్డు మసకబారినా ఆ రోజే పరుగెత్తు. ఇంట్లో ఉన్న చుక్కల మందు వెయ్యకు, అందులో స్టెరాయిడ్ ఉంటే పుండు ఇంకా లోతవుతుంది. ఈలోగా కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి తుడువు, ఒక్కో కంటికి వేరే దూది. తర్వాత మెత్తటి బట్టతో తడి అద్దెయ్యి. కళ్లలో పడే జుట్టు పైకి ముడి వెయ్యి.

పాప దుప్పటి ఒకటి ఉతక్కుండా దాని పక్కన పెట్టు, పాప దాన్ని బయట తిప్పే వేళకే నువ్వు తిప్పు. మా స్నోయీ మళ్లీ తోక ఊపింది అమ్మతో అలా రోజూ వీధి చివరిదాకా వెళ్లడం మొదలుపెట్టాకే.

డాక్టరు ఏమన్నాడో ఉత్తరం దాకా ఆగకు, ఫోన్ చెయ్యి.

నీ
రాంబాబు