'అతివేగం' అని రాస్తే కేసు నిలబడదు

సంపాదకులకు నమస్కారం.

విజయవాడ హైవే మీద ప్రమాదాల వార్తలు మీ జిల్లా పేజీలో తరచూ చూస్తుంటాను. చివర్లో 'పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు' అని ఉంటుంది. ఆ కాగితం తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు. హెడ్ కానిస్టేబుల్‌గా నా చివరి ఏళ్లన్నీ కోర్టు డ్యూటీలోనే గడిచాయి. కేసు డైరీ (సీడీ) ఫైళ్లు మోయడం, సాక్షులను వెంటబెట్టుకు రావడం, ప్రభుత్వం తరఫున వాదించే ఏపీపీ గారి వెనక నిలబడి వినడం.

యాక్సిడెంట్ ఫిర్యాదుల్లో ఒక వాక్యం మాత్రం మారదు: "సదరు డ్రైవరు అతివేగముగా, అజాగ్రత్తగా నడిపి ఢీకొట్టినాడు." చేత్తో రాసే రోజుల్లో స్టేషన్లో కాగితాలు రాసే రైటరుకు విసుగొచ్చి అయినా ఒకటి రెండు మాటలు మారేవి. కంప్యూటర్లు వచ్చాక పాత ఫైలు తెరిచి పేర్లు, బండి నంబరు మారుస్తున్నారు. ఒక్కోసారి అవీ మారవు. ఒక కేసులో చనిపోయినాయనకు మొదటి పేరాలో ఒక పేరు, మూడో పేరాలో ఇంకో పేరు! డిఫెన్స్ లాయరు గారు ఆ రెండూ సాక్షి చేత నెమ్మదిగా చదివించారు.

వేగంగా నడిపాడన్నంత మాత్రాన నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని కర్ణాటక రాష్ట్రం, సతీశ్ కేసులో సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది. అయినా మనవాళ్లు 'అతివేగం' వదలరు. బోనెక్కిన సాక్షిని "ఎంత స్పీడు?" అని అడిగితే బిక్కమొహం వేస్తాడు. నిజానికి అతను చూసింది వేరే ఉంటుంది. లారీ డివైడర్ సందులోంచి ఇండికేటర్ వేయకుండా అడ్డంగా తిరిగింది. అది స్టేషన్లో ఎవరూ అడగలేదు, ఎవరూ రాయలేదు.

ప్రమాద స్థలం చూసి రాసే పంచనామా సంగతీ అంతే. రోడ్డు వెడల్పెంత, టైర్ల గుర్తులు ఎంత దూరం ఉన్నాయి, అద్దం పెంకులు ఏ పక్క పడ్డాయి, అక్కడ లైటు వెలుగుతోందా? ఇవి కొలిచి రాయడానికి ఒక టేపు చాలు. ట్రాఫిక్ ఆగిపోతోందని బండ్లు పక్కకు తీసేసి, స్టేషన్లో కూర్చుని స్కెచ్ గీస్తారు. ట్రాఫిక్ టెన్షన్ ఎలా ఉంటుందో నాకూ తెలుసు, ఎండలో నిలబడ్డవాణ్నే. కానీ బండ్లు జరిపేలోపు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీయలేమా?

డ్రైవరు కేసు నుంచి బయటపడటంతో పోయేది కాదిది. నష్టపరిహారం ట్రిబ్యునల్ చూసేదీ ఈ కాగితాలే. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రూల్స్ ప్రకారం 48 గంటల్లో మొదటి రిపోర్టు ట్రిబ్యునల్‌కు చేరాలి. అందులో బండి నంబరు ఒక్క అంకె తప్పితే ఇన్సూరెన్స్ లాయరుకు అంతకన్నా ఏం కావాలి? వాయిదాలకు తిరిగేది చనిపోయినవాడి భార్య.

నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకున్నాక చదివి వినిపించాలి, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. సీఆర్పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం, నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉన్నదే ఇది. 'చదివి వినిపించగా సరియని ఒప్పుకొని సంతకం చేసితిని' అనే వాక్యం కూడా ఆ పాత ఫైల్లోనే టైపు చేసి ఉంటుంది, చదివినా చదవకపోయినా. పుట్టెడు దుఃఖంలో ఉన్నవాళ్లకు అది పట్టదు. చదువొచ్చిన బంధువు ఒకరు పక్కన ఉండి ముందు చదవమనండి.

ఎస్పీ గార్లకు ఒక మనవి. ప్రతి స్టేషన్ రైటరునూ నెలకో రోజు కోర్టుకు పంపండి. తను టైపు చేసిన కాగితం మీద క్రాస్ ఎగ్జామినేషన్ జరుగుతుంటే వెనక బెంచీలో కూర్చుని విననివ్వండి.

- ఒక విశ్రాంత హెడ్ కానిస్టేబుల్, సూర్యాపేట
(పేరు ప్రచురించవద్దని మనవి)