కిరాణా ఖాతా మూసేసిన రోజు

విజయవాడ
2026 ఉగాదికి పది రోజుల ముందు

ఒరేయ్ మావా,

నీ ఉత్తరం మొన్న సాయంత్రం అందింది. ఒకసారి నేను చదువుకున్నాను, రెండోసారి మా ఆవిడకు వినిపించాను. జీతం సగానికి తగ్గిందని, కార్డు బిల్లులో కనీస మొత్తం మాత్రం కడుతూ రోజులు నెట్టుకొస్తున్నామని రాశావు. ‘వరద తర్వాత మీరెలా తేరుకున్నార్రా, ఉన్నదున్నట్టు రాయి’ అన్నావు. ఫోన్లో చెబితే అంకెలు గుర్తుండవు. అందుకే ఖర్చుల పుస్తకం ముందు పెట్టుకుని రాస్తున్నాను.

ఆ రోజు సంగతి నీకు కొంత తెలుసు. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగు పొంగి, ఆ నీళ్ళు మా సింగ్‌నగర్ మీద పడ్డాయి. మాది కింద వాటా. చూస్తూ ఉండగానే మోకాళ్ళు దాటి నడుము దాకా వచ్చాయి. పిల్లలిద్దరినీ ఎత్తుకుని పై వాటాకు వెళ్ళిపోయాం. నీళ్ళు లాగాక తలుపు తీస్తే ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది. బియ్యం బస్తా ఉబ్బి చిట్లిపోయింది. కుట్టుమిషన్ మోటారు నిండా బురద. మా ఆవిడ ఇవేవీ చూసి ఏడవలేదు. చింతపండు జాడీ వంచి బురదనీళ్ళు పారబోస్తూ ఏడ్చింది. చింతపండుకు ఇంత ఏడుపేమిటి అనుకున్నాను. ఆ జాడీ అంటే ఏమిటో నాకు అర్థం కావడానికి మూడు నెలలు పట్టింది.

ఆ మూడు నెలలూ వీధి మూల కొట్లో ఖాతా పెట్టి బతికాం. పావుకిలో కందిపప్పు, వంద గ్రాముల చింతపండు, పది రూపాయల కారం ప్యాకెట్, అర లీటరు నూనె. కొట్టాయన మంచి మనిషి. ఆ రోజుల్లో ఒక్కసారి కూడా లేదనలేదు, ఆ మేలు నేను మర్చిపోను. కానీ ఖాతా మీద తెచ్చుకునేవాడు ధర అడగలేడు మావా. పప్పులో పుచ్చులున్నాయని వెనక్కి ఇవ్వలేడు. పక్క కొట్లో రెండు రూపాయలు తక్కువని తెలిసినా అటు పోలేడు.

నవంబర్లో ఒక రాత్రి కూర్చుని లెక్క వేశాను. పగలంతా వన్‌టౌన్‌లో బట్టల షాపులో లెక్కలు రాసేవాణ్ణి, నాకు లెక్క రాక కాదు. వేస్తే ఏం తేలుతుందోనని భయం. కిలో కందిపప్పును నాలుగు పావులుగా తెస్తే, మార్కెట్లో ఒకేసారి కొన్నదానికంటే ముప్పై రూపాయలు ఎక్కువ పడుతోంది. కారం అయితే దాదాపు రెట్టింపు. అన్నీ కలిపి నెలకు 1,400 రూపాయలు తేడా వచ్చింది. 21,000 జీతం, అందులో 6,500 అద్దె ఉన్న ఇంటికి అది పెద్ద మొత్తమే. మనం దుబారా చేసి పోగొట్టుకుంటున్న డబ్బు కాదది. చేతిలో డబ్బు లేదు కాబట్టి అదనంగా కడుతున్న డబ్బు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కింద వాటా ఇళ్ళకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 అప్పటికే బ్యాంకులో పడ్డాయి. పరుపులకు, గిన్నెలకు, పిల్లల పుస్తకాలకు పోను 14,000 మిగిలాయి. వాయిదాల మీద ఫ్రిజ్ తెద్దామన్నాను. మా ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. ‘ముందు నా మిషన్, తర్వాత కొట్టు బాకీ. ఫ్రిజ్ లేకుండానే మా అమ్మ ముగ్గురిని పెంచింది’ అంది. మిషన్‌కు 4,800 అయ్యాయి. కొట్టు బాకీ 8,100 తీర్చేశాం. కొట్టాయన పుస్తకంలో మా పేజీ మీద అడ్డంగా గీత గీస్తుంటే నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మిగిలిన 1,100 పట్టుకుని తిన్నగా కాళేశ్వరరావు మార్కెట్‌కు వెళ్ళాను. మూడు నెలల తర్వాత మొదటిసారి ధర అడిగి సరుకు కొన్నాను.

ఆ తర్వాతి నెల మాత్రం చాలా కష్టమైంది, దాచను. ఖాతా లేదు, చేతిలో డబ్బూ లేదు. వేణ్ణీళ్ళకు చన్నీళ్ళ తోడన్నట్టు ఆవిడ కుట్టే జాకెట్ల డబ్బే ఆదుకుంది. ఫ్రిజ్ లేదు కాబట్టి కూరగాయలు ఏ రోజుకా రోజే. సింగ్‌నగర్ రైతుబజారులో పొద్దున్నే బోర్డు మీద ధరలు రాస్తారు కదా, అవి నోట్ చేసుకునేవాణ్ణి. సాయంత్రం షాపు నుంచి వచ్చేటప్పుడు, సర్దుకునే వేళకు వెళితే ఆకుకూరల కట్టలు ఇంకా తక్కువకు వచ్చేవి. బీరకాయ కూర వండితే ఆ పొట్టుతో పచ్చడి. తోటకూర ఆకులు పప్పులోకి, కాడలు పులుసులోకి. పెరుగు పులిస్తే మజ్జిగ పులుసు. రాత్రి మిగిలిన అన్నంలో పాలు పోసి తోడేస్తే పొద్దున పిల్లలకు చద్దన్నం, పక్కన ఉల్లిపాయ ముక్క. మా పిల్ల ఇప్పటికీ టిఫిన్ వద్దని అదే అడుగుతుంది. విచిత్రం ఏమిటంటే, ఫ్రిజ్ ఉన్న రోజుల్లో వారానికి ఒకసారైనా కుళ్ళిన టమాటాలో, వడిలిన కొత్తిమీరో పారేసేవాళ్ళం. ఫ్రిజ్ లేని ఆ ఎనిమిది నెలల్లో ఏదీ పారేయలేదు.

అలా కూడబెట్టి కూడబెట్టి పోయినేడు ఉగాది నాటికి ఒక నెల ముందుకు వచ్చాం. అంటే ఒకటో తారీఖున వచ్చిన జీతం ఆ నెలకు కాదు, వచ్చే నెలకు. నేను నీకు చెప్పాలనుకున్న అసలు విషయం ఇదేరా. అన్నీ మానేసి పొదుపు చేయమని నేను చెప్పను. చేతిలో ఒక నెల డబ్బు ముందుంటే చవగ్గా ఉన్నప్పుడు కొనుక్కోవచ్చు. అది లేకపోతే అవసరం పడినప్పుడు కొనాలి, అవసరం ఎప్పుడూ ఖరీదైన రోజే వస్తుంది.

జాడీ సంగతి చెబుతాను. మా అమ్మావాళ్ళు ఏడాది సరుకు ఎందుకు వేసుకునేవారో ఇప్పుడు తెలిసింది. కొత్త కందులు సంక్రాంతి దాటాక వస్తాయి. పల్నాడు నుంచి వచ్చే మనిషి దగ్గర తీసుకుని మర పట్టిస్తే, కొట్టు ధరకూ దానికీ పొంతన ఉండదు. కొత్త చింతపండు మాఘ, ఫాల్గుణాల్లో. ఈనెలు, గింజలు తీసి, ఎండబెట్టి, కల్లుప్పు కలిపి జాడీలో అదిమి పెడితే మళ్ళీ చింతపండు కాలం దాకా చూసుకోనక్కర్లేదు. ఆ జాడీ అంటే మా ఆవిడ ఒక సంవత్సరం ముందు చూసుకుని దాచిన డబ్బు. అది బురదలో పోతే ఎందుకు ఏడవదు చెప్పు!

మిరపకాయలు మాత్రం గుంటూరు పక్క ఊళ్ళో తెలిసిన రైతు కల్లంలోనే కొన్నాం. పోయినేడు ధర బాగా పడిపోయింది. రైతులను ఆదుకోవడానికి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించింది, గుర్తుందా. కల్లంలో ఆ రైతు ముఖం చూశాక నాకు బేరం ఆడబుద్ధి కాలేదు. అడిగినంత ఇచ్చాను. మనకు చవక అయిన ఏడు ఇంకొకరి ఇంట్లో పొయ్యి ఆరే ఏడు కాకూడదు. అయినా ప్యాకెట్ కారంలో సగం ధర కూడా పడలేదు. తొడిమలు తీసి, ఎండబెట్టి, మర పట్టించుకున్నాం.

కరెంటు గురించి అడిగావు. 75 యూనిట్లు దాటాక 125 వరకు యూనిట్ నాలుగున్నర, అది దాటితే 225 వరకు ఆరు రూపాయలు. నెలాఖరుకు వారం ముందు మీటరు చూసుకుంటాను. పాత ఫ్యాను 75 వాట్లు లాగేది. దాని బదులు బీఎల్‌డీసీ అని తక్కువ కరెంటు లాగే 30 వాట్ల ఫ్యాను పెట్టాం. రోజుకు పన్నెండు గంటలు తిరిగితే నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. అదీ నెల డబ్బు ముందున్నాకే కొనగలిగాం.

ఇక నీ కార్డు సంగతి. ఇది జాగ్రత్తగా చదువు. కనీస మొత్తం కడితే అప్పు తీరుతున్నట్టు అనిపిస్తుంది, తీరదు. మిగిలినదాని మీద నెలకు మూడు, మూడున్నర రూపాయల వడ్డీ నడుస్తూనే ఉంటుంది. మన ఊళ్ళో రెండు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడిని రక్తం తాగుతున్నాడని తిట్టుకునేవాళ్ళం, గుర్తుందా? చెల్లెమ్మ ఒప్పుకుంటే రెండు కాసుల బంగారం బ్యాంకులో పెట్టు. అక్కడ రూపాయి వడ్డీ కూడా పడదు. ఆ డబ్బుతో కార్డు మొత్తం ఒకేసారి కట్టి, కార్డు బీరువాలో పెట్టెయ్. ఫోన్లో వచ్చే లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్ళకు. దండం పెట్టి చెబుతున్నా.

పిల్లల పాలు, గుడ్లు తగ్గించకు. బ్యాంకు ఖాతాలోంచి ప్రభుత్వ ప్రమాద బీమా కింద ఏడాదికి పోయే 20 రూపాయలు, జీవిత బీమా కింద పోయే 436 రూపాయలు ఆపకు. మా షాపులో ఒకతను పోయాక వాళ్ళింటికి అందింది ఆ బీమా రెండు లక్షలే. పెళ్ళిళ్ళ చదివింపులు మేము 1,116 నుంచి 516కు తగ్గించాం. మొదట్లో మొహమాటం వేసింది. కానీ ముందు రోజే వెళ్ళి పనుల్లో చెయ్యి వేస్తున్నాం. ఎవరూ తక్కువగా చూడలేదు. బస్సు ఖర్చు కూడా కొంత తగ్గింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు సిటీ బస్సు ఉచితం కాబట్టి లైనింగ్ గుడ్డలకు, దారాలకు బీసెంట్ రోడ్డుకు ఆవిడే వెళ్ళి ఏరి తెచ్చుకుంటోంది.

చెల్లెమ్మతో లెక్క దాచకు మావా. నేను మొదట దాచాను, అదే నేను చేసిన పెద్ద తప్పు. ఇద్దరూ ఒకే పుస్తకంలో రాయండి.

ఆర్టీసీ కార్గోలో రేపు ఒక డబ్బా వేస్తున్నాను. ఐదు కిలోల కందిపప్పు, రెండు కిలోల చింతపండు, కిలో కారం ఉన్నాయి. వద్దనకు, అప్పుగా కూడా అనుకోకు. ఈ నెల నువ్వు కొట్టుకు వెళ్ళకుండా ఉంటే ఆ డబ్బు పక్కన పెట్టు, నెల డబ్బు ముందుంచుకోవడానికి నీ మొదటి వారం అదే. చింతపండు అందగానే ఒకసారి ఎండలో వేసి జాడీలో పెట్టమని చెల్లెమ్మకు మా ఆవిడ మరీ మరీ చెప్పమంది. పిల్లలకు వేసవి సెలవులు ఇవ్వగానే రండి, ఆవకాయ ఇక్కడే కలుపుదాం.

నీ
మావ