డ్రిల్లు మాస్టారికి కొలంబస్ నుంచి

కొలంబస్, ఒహాయో
2025 ఫిబ్రవరి 23

బాబాయ్,

పిన్ని మోకాళ్ళు ఎలా ఉన్నాయి, నూనె రాసుకుంటోందా లేక సీసా అలమారాలోనే ఉందా. ఇక్కడ ఇంకా చలే, కారు మీద మంచు గీకడమే నా వ్యాయామం. మొన్న వీడియో కాల్‌లో "ఏమ్మా, నవంబర్లో ఏడ్చావంట, జనవరిలో స్వీట్లు పంచావంట, రెండూ ఒకే టీముకేనా" అని అడిగావు కదా, నేను నోరు తెరిచేలోపు నెట్ పోయింది. ఫోన్లో తేలే ముచ్చట కాదులే అని టైపు చేస్తున్నా, తమ్ముడు ప్రింటు తీసిస్తాడు, తీరిగ్గా కళ్ళజోడు పెట్టుకుని చదువుకో.

అవును, ఒకే టీము. ఒహాయో స్టేట్, నేను ఎమ్మెస్ చేసిన యూనివర్సిటీ, దాని అమెరికన్ ఫుట్‌బాల్ టీము. కాలేజీ పిల్లల ఆటే కానీ స్టేడియంలో సీట్లు లక్షా రెండు వేల పైచిలుకు, 1922లో కట్టింది, గుర్రపు నాడా ఆకారంలో ఉంటుంది. ఇండియన్ షాపులో కరివేపాకు ఏరుకుంటుంటే కూడా ఎవడో "ఓ-హెచ్" అంటాడు, మనం "ఐ-ఓ" అని ఒహాయో స్పెల్లింగు పూర్తి చెయ్యాలి, అనకపోతే అదోలా చూస్తారు. పక్క రాష్ట్రం మిషిగన్‌తో మ్యాచ్ ఉన్న వారం క్యాంపస్‌లో ఎక్కడ ఎం అక్షరం కనపడినా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. ఆ వారం ఆఫీసులో మాధవి కాస్తా 'ఆధవి'. నిజంగా, నా డెస్కు మీద బోర్డుకి టేపు వేశారు.

నేనొచ్చిన ఏడు, 2016లో, మిషిగన్‌ని రెండు ఓవర్‌టైములు ఆడి 30-27తో గెలిచాం. రూలు ఒక్కటి తెలీదు నాకు, అయినా పక్కనున్న ముక్కూమొహం తెలీనమ్మాయిని కౌగిలించుకున్నా. అప్పుడు పట్టుకుందీ పిచ్చి.

ఇక నవంబర్ 30 సంగతి. 2021, 22, 23 వరసగా మిషిగన్ చేతిలో ఓడాం. ఈసారి వాళ్ళు ఆరు గెలిచి ఐదు ఓడి కుంటుకుంటూ వచ్చారు, మనం దేశంలో రెండో ర్యాంకు, పైగా మన ఇంట్లోనే మ్యాచ్, అందరూ ఇరవై పాయింట్ల తేడాతో గెలుస్తాం అన్నారు. ఓడాం బాబాయ్, 13-10. ఓడిన తీరుకే ఏడుపొచ్చింది. మన టీములో జెరెమయా స్మిత్ అని మొదటి సంవత్సరం కుర్రాడున్నాడు, గాల్లో బంతి ఎక్కడున్నా లాక్కొచ్చేస్తాడు. అలాంటోణ్ణి అంచున నిలబెట్టి, మిషిగన్ వాళ్ళ ఇద్దరు కొండల్లాంటి మనుషులున్న మధ్యలోకే మళ్ళీ మళ్ళీ బంతి ఇచ్చి పరిగెత్తించారు. మన కబడ్డీలో మంచి రెయిడర్ని కూర్చోబెట్టి కూతకి ఇంకెవర్నో పంపినట్టు. అయ్యాక మిషిగన్ కుర్రాళ్ళు జెండా తెచ్చి మన మైదానం నడిమధ్య పాతబోతే కొట్లాట, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టారు, ఛీ అనిపించింది.

ఆ రాత్రి నేనూ అందరిలాగే అరిచా. ఈ కోచ్‌ని తీసెయ్యాలి, ఈ మొత్తం స్టాఫ్‌ని మూటగట్టి పంపెయ్యాలి అని మా ఆయన దగ్గర, ఫ్రెండ్స్ గ్రూపులో, ఎక్కడ పడితే అక్కడ. హెడ్ కోచ్ ర్యాన్ డే, 2019 నుంచి ఉన్నాడు, అప్పటికి అరవై ఆరు గెలిచి పది ఓడాడు. ఆ పదిలో నాలుగు మిషిగన్‌వే కాబట్టి మిగతా అరవై ఆరూ ఎవరికీ గుర్తుండవు. చిన్నప్పుడే తండ్రి ఆత్మహత్య చేసుకుంటే పెరిగిన మనిషి, ఇక్కడి పిల్లల ఆసుపత్రిలో పిల్లల మానసిక ఆరోగ్యం కోసం భార్యాభర్తలిద్దరూ నిధి పెట్టారు. ఇదంతా నాకు ముందే తెలుసు, తెలిసే తిట్టా.

నీకు గుర్తుందా, జోనల్స్ ఫైనల్లో మీ స్కూలు కబడ్డీ పిల్లలు ఒక్క పాయింటుతో ఓడిన సాయంత్రం. నేను నీ సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చున్నా, ఏడేళ్ళేమో. టీ కొట్టు దగ్గర "మాస్టారికి ఆట రాదురా" అని వినపడేలాగే అన్నారు, నువ్వు బెల్లు కొట్టి పక్కకి తప్పుకుని వచ్చేశావు, ఇంటికొచ్చి అన్నం కూడా మామూలుగానే తిన్నావు. మర్నాడు ఐదింటికి విజిల్ వినపడింది. ఆ టీ కొట్టు వాళ్ళమీద నాకు చాలాకాలం కోపం ఉండేది, మరి నవంబర్లో నేను ఏ కొట్టు దగ్గర నిలబడ్డానో చూడు. ఇది జనవరిలో గానీ తట్టలేదు.

ఇక్కడ కోచింగ్ అంటే ఒక మనిషి కాదు బాబాయ్, ఊరంత మంది. దాడికి ఒక కోఆర్డినేటర్, కాపుకి ఒకడు, మళ్ళీ బంతి విసిరేవాడికి ఒక కోచ్, పట్టేవాళ్ళకి ఒకడు, కండలకి ఒకడు. నువ్వేమో ఒక్కడివే విజిలూ నువ్వే, సున్నం గీతలూ నువ్వే, దెబ్బ తగిలితే పసుపు పెట్టేదీ నువ్వే. ఈ సీజన్ నుంచి కోచ్ మాట ఒక ఆటగాడి హెల్మెట్‌లో వినపడేలా రేడియో కూడా పెట్టారు, కాకపోతే ఒక్కో ఎత్తు మొదలెట్టడానికి టైము లెక్కపెట్టే ప్లే గడియారంలో 15 సెకన్లు మిగిలుండగా కట్ అయిపోద్ది. నీకు అలాంటిది ఇస్తే ఆ 15 సెకన్లు కూడా గీత బయట నుంచి అరిచేవాడివే.

దాడి కోఆర్డినేటర్ చిప్ కెల్లీ కథ సినిమా కథే. ర్యాన్ డే న్యూ హ్యాంప్‌షైర్‌లో కాలేజీలో ఆడేటప్పుడు ఈయనే వాళ్ళ దాడి కోచ్, ఇద్దరిదీ మాంచెస్టర్ అనే ఒకే ఊరు. తర్వాత కెల్లీ చాలా పెద్దవాడయ్యాడు, లాస్ ఏంజెలెస్‌లో యూసీఎల్‌ఏకి హెడ్ కోచ్‌గా ఉన్నవాడు 2024లో ఆ కుర్చీ వదిలేసి వచ్చి శిష్యుడి కింద చేరాడు. హెడ్మాస్టర్ ఉద్యోగం మానేసి తన స్టూడెంట్ నడిపే బడిలో లెక్కలు చెప్పడానికి వెళ్ళడం లాంటిది, మన దగ్గర ఎవరైనా చేస్తారా. అంత తెలివిగలవాడు మిషిగన్ మీద ఆ ఆట ఎలా ఆడించాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు, దాంట్లో నా తిట్టు నేను వెనక్కి తీసుకోను.

నేను వెనక్కి తీసుకునేది జస్టిన్ ఫ్రై అనే ఆయన మీద తిట్లు. ఆయన లైన్ కోచ్. ముందు వరసలో ఐదుగురు దున్నల్లాంటి కుర్రాళ్ళు నిలబడి బంతి విసిరేవాణ్ణి కాపాడతారు, మ్యాచ్ మొత్తంలో బంతి చేతికి తగలనివాళ్ళే ఎక్కువ. నువ్వనేవాడివే, కూతకెళ్ళినోడికే చప్పట్లు, కాలు పట్టినోడికి మట్టి అని. అదే. అక్టోబర్ 12న ఆరెగాన్ మీద 32-31తో ఓడిన రోజు ఎడమ చివర ఉండే జాష్ సిమన్స్ మోకాలు పోయింది, ఇక సీజన్ లేదు. తర్వాతి మ్యాచ్‌కి ఆ చోట పెట్టిన కుర్రాడికీ దెబ్బ. అప్పుడు లోపలి వరసలో అలవాటుపడ్డ డానవన్ జాక్సన్ అనే సీనియర్ని చివరికి జరిపారు, కవర్లో ఆడేవాణ్ణి కార్నర్‌కి పంపినట్టు, పాదాలు పెట్టే తీరే మారిపోవాలి. నవంబర్లో ప్రాక్టీసులో వరస నడిమధ్య ఉండే సెత్ మెక్‌లాఫ్లిన్‌కి మడమ నరం తెగింది, కార్సన్ హింజ్‌మన్‌ని మధ్యలోకి జరిపారు. అంటే ఐదుగురి వరస సీజన్ మధ్యలో ఊడదీసి మళ్ళీ అల్లారు. మేమేమో ఈ కోచ్ వల్లే లైను పాడైందని ఒకటే గోల.

మిషిగన్ మ్యాచ్ అయ్యాక సరిగ్గా ఇరవై ఒక్క రోజులు గ్యాప్. ఈ ఏడే ఛాంపియన్‌షిప్‌కి మొదటిసారి పన్నెండు టీముల నాకౌట్ పెట్టారు, పాత పద్ధతిలో నలుగురే, అయితే మా కథ ఆరోజే ఖతం. డిసెంబర్ 21న టెనెసీ మా ఊరొచ్చింది, గడ్డకట్టే చలి, స్టేడియంలో వాళ్ళ నారింజ రంగు చూసి మావాళ్ళు టికెట్లు అమ్మేసుకున్నారని సిగ్గేసింది. మొదటి క్వార్టర్లోనే మనం 21-0. మేం సోఫాలో కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చివరికి 42-17. జనవరి 1న రోజ్ బౌల్ అనే స్టేడియంలో అదే ఆరెగాన్, అప్పటిదాకా ఒక్కటీ ఓడని టీము, దాన్ని రెండో క్వార్టర్‌కే 34-0 చేశారు, ముగిసింది 41-21. మొత్తం మారిపోయింది బాబాయ్, మొదటి నుంచే స్మిత్‌కి బంతి, బెదురు లేని ఆట, ఆ అతుకుల వరస వెనక విల్ హవర్డ్ తాపీగా నిలబడి విసురుతున్నాడు. నేను ఆరోజే మొదటిసారి బంతి వదిలేసి ఆ ఐదుగుర్నే చూశా.

కాపు గురించి కూడా చెప్పాలి, జిమ్ నోల్స్ అనే ఆయనది అది, దేశం మొత్తం మీద మనకే అతి తక్కువ పాయింట్లు, మ్యాచ్‌కి సగటున 12.9. టెక్సస్‌తో సెమీఫైనల్లో వాళ్ళు సమం చేయడానికి మన గీతకి ఒక్క గజం దూరంలో ఉన్నారు. ఒక్క గజం! వెనక్కి తోసి తోసి, ఆఖరి ఛాన్సులో జాక్ సాయర్ వాళ్ళ క్వార్టర్‌బ్యాక్, అదే బంతి విసిరేవాడి, చేతిలో బంతి కొట్టేసి, తనే పట్టుకుని 83 గజాలు పరిగెత్తాడు. ఆ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ 2021లో ఒహాయో స్టేట్‌లోనే ఉన్నాడు, సాయర్‌కి రూమ్మేటు! నేను అరిచిన అరుపుకి పక్క ఫ్లాట్ వాళ్ళు తలుపు కొట్టారు, 28-14.

ఈ సాయర్‌ని తీర్చిదిద్దింది ల్యారీ జాన్సన్ అని డెబ్బై రెండేళ్ళ పెద్దాయన, ఆయన నీకు బాగా నచ్చుతాడు. కాలేజీకి రాకముందు ఏళ్ళ తరబడి హైస్కూల్ పిల్లలకే నేర్పాడు, తర్వాత పద్దెనిమిదేళ్ళు పెన్ స్టేట్ యూనివర్సిటీలో, 2014 నుంచి ఇక్కడ. ఇక్కడ హెడ్ కోచ్ మారినా ఈయన కుర్చీ కదల్లేదు.

ఫైనల్ జనవరి 20న అట్లాంటాలో నోటర్‌డామ్‌తో. మనం 31-7తో ముందుండగా వాళ్ళు 31-23కి వచ్చేసరికి నాకు మళ్ళీ నవంబర్ గుర్తొచ్చింది, చేతులు చల్లబడ్డాయి. బంతి మన దగ్గరే ఉండాలంటే పదకొండు గజాలు కావాలి, మిషిగన్ రోజయితే మధ్యలోకి పరిగెత్తించి టైము తినేసేవాళ్ళే. ఈసారి స్మిత్‌కి దూరంగా ఎత్తి విసిరారు, 56 గజాలు. అంతే, 34-23. 2014 సీజన్ తర్వాత మళ్ళీ ఇదే. మర్నాడు ఆఫీసుకి సున్నుండలు పట్టుకెళ్ళా, పిన్ని పంపినవే, చెప్పకు.

ఇంతకీ నీకు చెప్పాలనుకున్నది ఇది. గెలిచి నెల తిరక్కుండా స్టాఫ్ చెదిరిపోయింది. నోల్స్ పెన్ స్టేట్‌కి, అంటే సొంత రాష్ట్రం పెన్సిల్వేనియాకి, మన లీగ్‌లోని పోటీ టీముకే. కెల్లీ లాస్ వెగాస్ రెయిడర్స్ అనే ప్రొఫెషనల్ టీముకి. ఫ్రై అరిజోనా కార్డినల్స్‌కి, అదీ ప్రొఫెషనల్ టీమే. మా ఐటీ వాళ్ళం ప్రాజెక్టు గో-లైవ్ అవ్వగానే కంపెనీ మారినట్టే, నేను మారినప్పుడు ఇదేం తప్పనిపించలేదు, వీళ్ళు మారితే మాత్రం పొడిచినట్టుంది. ర్యాన్ డేకి ఏడాదికి 12.5 మిలియన్ డాలర్లతో కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు, మన లెక్కలో వంద కోట్లు దాటుద్ది, నవంబర్లో తీసెయ్యమన్న నోళ్ళే ఇప్పుడు ఇంకా ఇవ్వాలంటున్నాయి. ఖాళీ అయిన కుర్చీల్లోకి, దాడికి బంతి పట్టేవాళ్ళ కోచ్ బ్రయన్ హార్ట్‌లైన్, కాపుకి మ్యాట్ పట్రీషియా వచ్చారు. ఈయన పెద్ద గడ్డం, చెవి మీద పెన్సిలు, చదివింది విమానాల ఇంజనీరింగ్. అచ్చం మన మేస్త్రీ లాగా ఉంటాడు, నాకైతే గురి కుదరలేదు.

ఫ్రై వెళ్ళిన వార్త చదివినప్పుడు మాత్రం, ఈ కోచ్‌ల గురించి నేను గ్రూపులో పెట్టిన పాత మెసేజ్‌లు వెతికి డిలీట్ చేశా. ఎవరూ చూడరు, అయినా.

ఒకటి అడగాలి. మీ టీములో కార్నర్ ఆడే ఆ ఎర్ర చొక్కా అబ్బాయిని వేరే హైస్కూల్ వాళ్ళు లాక్కుపోయారు కదా, తర్వాత ఏడు వాళ్ళతోనే మ్యాచ్ పడితే నువ్వు ముందుగా వెళ్ళి వాడి భుజం తట్టావంట, నాన్న చెప్పాడు. నిజమేనా, లోపల ఏమనిపించింది? ఈ శరదృతువులో నోల్స్ పెన్ స్టేట్ వాళ్ళని తీసుకుని మా స్టేడియానికే వస్తాడు, ఈసారి టికెట్ కొందామనుకుంటున్నా. నీ జవాబు తమ్ముడి చేత టైపు చేయించకు, ఫోన్లో వాయిస్ మెసేజ్ పెట్టు, నీ గొంతు వినాలి.

పిన్నికి చెప్పు, గోంగూర పచ్చడి అయిపోవచ్చింది.

నీ
మాధవి