దుడుకు పిల్లల్ని ముందే పట్టించుకోవాలి

సంపాదకుడు గారికి,

నేను హైస్కూలు టీచర్‌ని. ప్రశ్న పూర్తికాకముందే జవాబు అరిచేవాడు, ఫ్రెండ్స్ రెచ్చగొడితే గోడ మీంచి దూకేసేవాడు ప్రతి క్లాసులోనూ ఒకరిద్దరుంటారు. వాళ్లను బెంచీ ఎక్కించి ఊరుకుంటున్నాం. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972-73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని దశాబ్దాలుగా గమనిస్తున్నారు. చిన్నప్పుడు తమను తాము అదుపు చేసుకోలేనివారిలో, 32 ఏళ్లకు మద్యానికో మత్తుకో బానిసలైనవాళ్లు ఎక్కువగా కనిపించారు. దుడుకు పిల్లలంతా తాగుడికి అలవాటు పడతారని నేను అనను. కానీ వాళ్లకు ముప్పు ఎక్కువ. ఆగి ఆలోచించమనే మెదడు ముందుభాగం ఇరవై దాటాక గానీ పూర్తిగా ఎదగదు.

మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లలోపు వారికి మద్యం అమ్మకూడదు. మా ఊరి బెల్టు షాపులో మాత్రం ఇంటర్ కుర్రాడు డబ్బులిస్తే చాలు, క్వార్టర్ సీసా పాత పేపర్లో చుట్టి చేతిలో పెడతారు. వయసు అడిగే నాథుడు లేడు. అధికారులు ముందు దీన్ని ఆపాలి.

కెనడాలో ఇలాంటి స్వభావమున్న పిల్లల్ని చిన్న గ్రూపులుగా కూర్చోబెట్టి, ఆవేశం వచ్చినప్పుడు ఎలా నిలదొక్కుకోవాలో స్కూల్లోనే నేర్పే కార్యక్రమం ఉంది. మన హైస్కూళ్లకూ ఆ శిక్షణ, ఒక కౌన్సెలర్ కావాలి. ఈలోగా టెన్షన్ పడుతున్న తల్లిదండ్రులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.

- ఒక ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా