మన పాత సినిమాల సంఘం, చీరాల: 2024 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. నెలకోసారి కూర్చుందాం అనుకున్నాం, ఏడుసార్లే కుదిరింది, వచ్చినవాళ్లకి అవన్నీ తెలుసు కాబట్టి మళ్లీ రాయట్లేదు. ఈ ఏడాది మనం చేసిన పెద్ద పని సురేష్ ప్రొడక్షన్స్‌కి 60 ఏళ్లు నిండిన సందర్భంగా పెట్టిన సభ.

మన పక్కన కారంచేడులో పుట్టిన రామానాయుడు గారు పెద్దబ్బాయి పేరు మీద కంపెనీ పెట్టి 1964లో 'రాముడు భీముడు' తీశారు, రామారావు గారి డబుల్ యాక్షన్, డైరెక్టర్ తాపీ చాణక్య. తర్వాత దెబ్బలు తగిలాయి, ఉన్నదంతా ఒడ్డి 1971లో 'ప్రేమనగర్' తీసి నిలదొక్కుకున్నారు, 1999లో బెంగాలీలో తీసిన 'అసుఖ్'కి నేషనల్ అవార్డు కూడా వచ్చింది.

సభలో అందరూ మాట్లాడింది మాత్రం లోగో గురించే. ఎస్, పి అక్షరాల మీద నిలబడ్డ ఇద్దరు పిల్లలు సురేష్, వెంకటేష్. చాలా కంపెనీలు దేవుడి బొమ్మతో మొదలుపెట్టేవి, ఈయన సొంత బిడ్డల్ని నిలబెట్టుకున్నారు, అందుకే అది మనింటి ఫొటోలా అనిపిస్తుంది. 1986లో 'కలియుగ పాండవులు'తో ఆ ఇద్దర్లో చిన్నాడే అదే బ్యానర్‌లో హీరో అయ్యాడు! సభలో ఆ లోగోని నిలబెట్టడానికి మన కార్పెంటర్ ప్లైవుడ్‌తో రెండు అక్షరాలు చేసిచ్చాడు, పిల్లలెక్కితే ఎస్ ఊగుతోందని వెనకాల అడ్డచెక్క కొట్టి, రంగు ఆరకముందే ఆటోలో తెచ్చాడు. మన పిల్లలిద్దరు పైకెక్కగానే రిటైరైన ఆపరేటర్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు, హాలంతా ఈలలే.

కార్పెంటర్‌కి, ఆపరేటర్ గారికి, టీలు పంపిన హోటలాయనకి, కుర్చీలిచ్చిన మాస్టారికి, పోస్టర్లు అంటించిన కుర్రాళ్లకి పేరుపేరునా థాంక్స్. పేర్లిచ్చిన వాలంటీర్లు 14 మంది, వచ్చింది నలుగురు, ఇది బాధగానే రాస్తున్నా. హాలు పర్మిషన్ కోసం ఆఫీసు చుట్టూ ఐదుసార్లు తిరిగాం, వస్తానని మాటిచ్చిన అధికారి ఫోనే ఎత్తలేదు.

లెక్కలు ట్రెజరర్ గారి దగ్గరున్నాయి, ఖర్చులు పోను 2,140 రూపాయలు మిగిలింది, చందా బాకీలు ఈ నెలాఖరుకి కట్టేయండి. ఎగ్జిబిషన్ బల్ల మీద పెట్టిన పాటల పుస్తకాల్లో మూడు కనపడట్లేదు, ఎవరైనా చదవడానికి తీసుకెళ్లుంటే తెచ్చివ్వండి, అవి మన సభ్యురాలు వాళ్ల నాన్నగారు దాచుకున్నవి.

మీ కార్యదర్శి