రెండో ఏడాది నిధులు ఎప్పుడిస్తారు? పరిశోధన నిధులు చూసే మంత్రివర్యులకు తిరుపతి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు,

నమస్కారాలతో రాస్తున్నది. మల్టిపుల్ స్క్లెరోసిస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత మెదడు, వెన్నుపాముల నరాల మీదే దాడి చేసే జబ్బు) మీద మా ప్రయోగశాలకు మంజూరైన ప్రాజెక్టుకు రెండో ఏడాది నిధులు ఇంతవరకు విడుదల కాలేదు. మొదటి ఏడాది లెక్కలు, వినియోగ ధ్రువపత్రం, ఆడిటర్ సంతకం చేసిన ఖర్చుల పట్టిక, ప్రగతి నివేదిక, అన్నీ గడువులోగానే పంపాము. పోర్టల్‌లో మా ప్రాజెక్టు ఎదురుగా ‘పరిశీలనలో ఉంది’ అన్న మాట మాత్రం మారలేదు. ఈమెయిళ్లకు జవాబు లేదు. ఫోన్ చేస్తే ఫైలు ఆర్థిక విభాగంలో ఉందని ఒకరు, అక్కడికి ఇంకా రాలేదని మరొకరు చెబుతున్నారు. తమరు శ్రీవారి దర్శనానికి వచ్చినప్పుడు అతిథి గృహం గేటు దగ్గర ఎండలో నిలబడి తమ సిబ్బంది చేతికి అర్జీ ఇచ్చాము. ‘సార్ దృష్టికి తీసుకెళ్తాం’ అన్నారు. తీసుకెళ్లారో లేదో తెలియదు. అందుకే నలుగురి ముందూ అడుగుతున్నాను.

పథకం నియమాలు నాకంటే తమకే బాగా తెలుసు కనుక వాటి జోలికి పోను. నేను చెప్పదలచింది ఒక్కటే. ఎలుక వెన్నుపాములో మొదలైన జబ్బు మన ఆర్థిక సంవత్సరం కోసం ఆగదు.

మేము చేసే ప్రయోగం పేరు ఈఏఈ, అంటే మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను పోలిన జబ్బును ఎలుకల్లో కావాలని కలిగించడం. నరాల తీగలను చుట్టి కాపాడే మైలిన్ పొరలో ఉండే ఎంఓజీ అనే ప్రోటీన్ నుంచి 35-55 ముక్కను (35వ అమైనో ఆమ్లం నుంచి 55వ దాకా) తీసుకొని, చంపిన క్షయ సూక్ష్మజీవులున్న నూనె మందుతో కలిపి, గడ్డ పెరుగులా చిక్కబడేదాకా రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ నెడతాము. నీటిలో ఒక చుక్క వేస్తే అది చెదరకుండా నిలవాలి. చెదిరితే ఆ మందు పనికిరాదు, మళ్లీ మొదలుపెట్టాలి. దాన్ని సీ57 జాతి నల్ల ఎలుకకు చర్మం కింద ఇచ్చి, అదే రోజున, మళ్లీ 48 గంటలకు కోరింత దగ్గు సూక్ష్మజీవి విషాన్ని ఇస్తాము. తొమ్మిది పది రోజులు ఎలుకలో ఏ తేడా కనిపించదు. కాని ఆ రోజుల్లోనే లోపల లింఫు గ్రంథుల్లో టి కణాలు (రోగనిరోధక వ్యవస్థకు సైనికుల్లాంటి తెల్ల రక్తకణాలు) సొంత మైలిన్‌ను శత్రువుగా గుర్తించడం నేర్చుకొని, రక్తానికీ మెదడుకూ మధ్య ఉండే అడ్డును దాటి, వెన్నుపాములోకి చేరి, తమ వెంట మాక్రోఫేజ్ అనే భక్షక కణాలను కూడా పిలుచుకొస్తాయి. ఆ తర్వాత ఏదో ఒక పొద్దున తూకం వేయబోతే ఎలుక బరువు తగ్గి ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే తోక వాలిపోయి ఉంటుంది. జబ్బు తీవ్రతకు మేము వేసే అంకెల్లో అది స్కోరు 1. వెనక కాళ్లు తడబడితే 2, పూర్తిగా చచ్చుబడితే 3, ముందు కాళ్లకు పాకితే 4. అప్పటి నుంచి అది పైనున్న నీళ్ల సీసాను అందుకోలేదు కనుక తడిపిన మేతను పంజరం నేల మీదే పెట్టాలి. ఆదివారమైనా, బ్రహ్మోత్సవాలైనా ఎవరో ఒకరం వెళ్లి ఆ పని చేస్తున్నాము.

ఈ జబ్బు నమూనాకూ మన దేశానికీ ఉన్న సంబంధం చిన్నది కాదు. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులు వేసిన కాలం మన పెద్దలందరికీ గుర్తుంది. గొర్రె మెదడులో పెంచిన ఆ సెంపుల్ టీకా 1911లో ఇప్పటి హిమాచల్‌ప్రదేశ్‌లోని కసౌలీలో పుట్టింది. దాన్ని వేయించుకున్న కొందరికి రేబిస్ రాకపోయినా కాళ్లు పడిపోయేవి, ఎందుకంటే టీకాలో ఉన్న మైలిన్ మీదికి వారి రోగనిరోధక వ్యవస్థే తిరగబడేది. అలాంటి పక్షవాతాలు ఎందుకు వస్తున్నాయో తేల్చాలనే 1933లో అమెరికాలో థామస్ రివర్స్ బృందం కోతులకు కుందేలు మెదడు సారాన్ని పదేపదే ఎక్కించి చూసింది. ఈఏఈ అక్కడి నుంచి వచ్చింది. ఆ టీకా దెబ్బ తిన్న దేశం మనది. ఆ దెబ్బ వెనుక ఉన్న శాస్త్రాన్ని మన గడ్డ మీద చదవడానికి నిధులు అడగడం అత్యాశ అని నేను అనుకోవడం లేదు.

మా ఆగిన పని విలువ తమకు అర్థం కావాలంటే ఒక విషయం వివరంగా చెప్పాలి. ఎలుకకు జబ్బు రాకముందే మందు మొదలుపెట్టి, జబ్బు రాలేదని చూపడం తేలిక. జబ్బు వచ్చాక, కాళ్లు పడిపోయాక మందు ఇచ్చి, ఏ ఎలుకకు మందు అందిందో తెలియని మనిషి చేత స్కోరు వేయించి, అప్పుడూ ఫలితం కనిపిస్తుందా అని చూడటం కష్టం, ఖర్చు, ఆలస్యం. మనుషుల్లో రోగి వైద్యుడి దగ్గరికి వచ్చేది జబ్బు వచ్చాకే. ఎలుకల్లో మందు గుణమిస్తే మనుషుల్లోనూ ఇస్తుందనుకోవడం ఎంత ప్రమాదమో ప్రపంచానికి అనుభవమే. వాపును పెంచే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకుంటే ఎలుకల్లో జబ్బు తగ్గింది. అదే పని చేసే లెనెర్సెప్ట్ అనే మందును రోగులకు ఇస్తే జబ్బు తిరగబెట్టడం ఎక్కువైందని 1999లో తేలింది. రోగనిరోధక కణాల మధ్య సంకేతాలు మోసే ఐఎల్-23 అనే ప్రోటీన్ లేని ఎలుకలకు ఈఏఈ రానే రాదని 2003లో తెలిసింది. ఐఎల్-23ను, దాని తోబుట్టువులాంటి ఐఎల్-12ను రెంటినీ అడ్డుకునే ఉస్టెకినుమాబ్ అనే మందు మాత్రం 2008 నాటి పరీక్షలో రోగులకు ఉపయోగపడలేదు. అలాగని ఈ నమూనాను కొట్టిపారేయడమూ అన్యాయమే. టి కణాలు మెదడులోకి దిగకుండా ఆపవచ్చని 1992లో జంతువుల్లో చూసిన ప్రయోగం నుంచే నటాలిజుమాబ్ అనే మల్టిపుల్ స్క్లెరోసిస్ మందు వచ్చింది. ఈఏఈని కలిగిస్తుందేమో చూద్దామని ఇజ్రాయెల్‌లో తయారుచేసిన గ్లాటిరామర్ అనే పదార్థం దాన్ని అణచివేసి, 1996 నాటికి అమెరికాలో రోగులకు మందై చేరింది. ఏ నమూనా ఎక్కడ నిజం చెబుతుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో ఓపికగా తేల్చడమే ఈ రంగంలో అసలు పని.

మా ప్రాజెక్టులో మొదటి ఏడాది తేలిక భాగం, రెండో ఏడాది కష్టమైన భాగం. కాళ్లు పడిపోయిన తర్వాత మందుగా పరీక్షిస్తున్న మా సమ్మేళనాన్ని ఇస్తే వెన్నుపాములో దాడి చేసే టీహెచ్17 అనే టి కణాలు తగ్గుతాయా, వాటిని అదుపులో పెట్టే రెగ్యులేటరీ టి కణాలు పెరుగుతాయా, పోయిన మైలిన్ తిరిగి వస్తుందా అన్నది రెండో ఏడాది తేలాలి. అయ్యా, తమ శాఖ సరిగ్గా అక్కడ ఆపింది. ఇప్పుడు మా చేతిలో ఉన్న ఫలితాన్ని అచ్చు వేయించవచ్చు, మెచ్చుకునేవారూ ఉంటారు. కాని అది రోగికి పనికొచ్చే సమాధానం కాదు.

ఇక జరిగిన నష్టం వినండి. నిధులు వారంలో పడతాయని ఫోన్లో గట్టిగా చెప్పిన మాటను నమ్మి ఒక విడత ఎలుకలకు జబ్బు కలిగించాము, ఎందుకంటే వాటి వయసు దాటిపోతే ఆ ప్రయోగానికి అవి పనికిరావు. వారం గడిచింది, డబ్బు రాలేదు. పాత బాకీ తీరనిదే ఫ్లో సైటోమెట్రీకి (కణాలను రకాలవారీగా లెక్కించే పద్ధతికి) కావలసిన యాంటీబాడీలు ఇవ్వలేమని సరఫరాదారు చెప్పేశాడు. యాంటీబాడీలు లేకుండా ఏ కణం ఏదో గుర్తించలేము. ఆ ఎలుకలను ఇంకా బాధపెట్టడం తగదని నిబంధన ప్రకారం వాటి ప్రాణం తీయవలసి వచ్చింది. ఒక్క జంతువును కూడా వృథా చేయబోమని, జంతు ప్రయోగాలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ ముందు సంతకం పెట్టినవాళ్లం మేము. కాళ్లు చచ్చుబడిన ఎలుకకు రోజుల తరబడి చేతులతో మేత పెట్టి, చివరికి ఏమీ నేర్చుకోకుండా దాన్ని చంపడం ఎలా ఉంటుందో ఫైలు మీద రాయడానికి కాలమ్ లేదు. ఆ బాధ్యతలో తమ శాఖకు వాటా లేదా?

దీనికి తోడు తిరుపతి ఎండలు. యానిమల్ హౌస్‌లో ఉష్ణోగ్రత 22 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. వేసవిలో కరెంటు పోతే ఏసీని నడిపే జనరేటర్ మాకు లేదు. వేడికి తట్టుకోలేని ఎలుక ఒంట్లో స్టెరాయిడ్ హార్మోన్ పెరుగుతుంది, ఆ హార్మోన్ ఈఏఈని అణచివేస్తుంది, అప్పుడు తగ్గినది మందు వల్లనో వేడి వల్లనో చెప్పలేము. జనరేటర్ ప్రతిపాదనకూ జవాబు లేదు. పరిశోధనా సామగ్రిపై 5 శాతంగా ఉన్న రాయితీ జీఎస్టీ 2022 జూలైలో పోయాక అదే డబ్బుకు తక్కువ సరుకు వచ్చింది. ఇదంతా ఇలా ఉండగా మార్చి చివరి వారంలో కొంత సొమ్ము వేసి, 31లోగా ఖర్చు చేయకపోతే వెనక్కి పోతుందంటారు. నలభై రోజుల ప్రయోగాన్ని వారంలో ఎలా ముగించాలో దయచేసి తమ అధికారులే చెప్పాలి.

నా ఫెలోషిప్ కూడా అదే పద్దులో ఉంది. దాని సంగతి ఇక్కడ ఎత్తను. మెస్ బిల్లు అప్పు చేసి కట్టుకుంటాను. అప్పు చేసి ప్రయోగం నడపలేను.

పీలేరు నుంచో, మదనపల్లె నుంచో కళ్లు మసకబారి, కాళ్లు తిమ్మిరెక్కి తిరుపతి ఆసుపత్రులకు వచ్చే వారిలో ఇరవై, ముప్పై ఏళ్ల ఆడపిల్లలు ఉంటారు. నరాల బలహీనత అని చెప్పించుకొని, బలం మాత్రలు మింగి, ఎంఆర్ఐ దాకా వచ్చేసరికి కాలం గడిచిపోతుంది. అలా చివరికి తేలే మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాలో చేర్చింది. మా ఎలుకలు రేపే వారికి మందు ఇస్తాయని నేను అనను. ఆ మాట చెప్పి నిధులు అడగడం మోసం. కాని మందు పనిచేస్తుందో లేదో నిజాయితీగా తేల్చే ప్రయోగం ఆగిపోకూడదని మాత్రం గట్టిగా అంటాను.

కాబట్టి అయ్యా, మంజూరైన నిధులు విడుదల చేయించండి. చేయలేకపోతే చేయలేమని రాతపూర్వకంగా చెప్పించండి, కనీసం మరో విడత ఎలుకలను తెప్పించకుండా ఆగుతాము. జంతువులతో చేసే ప్రాజెక్టులకైనా మార్చి 31 నియమం నుంచి మినహాయింపు ఇప్పించండి. మా అర్జీ ఏ బల్ల మీద ఉందో ఒక్కసారి అడిగించండి. ఎథిక్స్ కమిటీ ఇచ్చిన అనుమతి గడువు దగ్గరపడుతోంది. అది దాటితే నిధులు వచ్చినా మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవాలి. ఆలోపే జవాబు ఇప్పించమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
తమ విధేయ పరిశోధక విద్యార్థి,
తిరుపతి