చిన్న కాలేజీ నీకు పడుద్దా?

రేయ్ అబ్బయా,

ఎట్టుండావ్? మీ అమ్మ మా అమ్మకి ఫోన్ చేసి, మావోడు ఉదయగిరి పక్కకి డిగ్రీకి వస్తానంటుండాడు, మీవోణ్ణి కనుక్కోక్కా అనిందంట, నువ్వేమో నాకు ఒక్క ముక్క చెప్పలా. ఫోన్లో అయితే ఊ ఊ అంటావే గానీ వినవు, అందుకే రాస్తుండా.

నీ లెక్క నాకు తెలుసులే. నేను నెమ్మదస్తుణ్ణి, గోల పడదు, చిన్న కాలేజీ అయితే ప్రశాంతంగా ఉంటది, అంతే కదా? అక్కడే తప్పులో కాలేస్తుండావ్. దాక్కోవాలంటే పెద్ద కాలేజీనే మేలు రా. నెల్లూరులో అయితే లాస్ట్ బెంచీలో కూర్చుని నీ పేరు ఏ లెక్చరర్‌కీ తెలీకుండానే డిగ్రీ అయిపోగొట్టొచ్చు. ఇక్కడ మా మేజర్‌లో, అదే డిగ్రీలో మెయిన్ సబ్జెక్టు, పట్టుమని పదిహేను మందిమి లేం, సార్ తలెత్తి చూస్తే చాలు ఎవడు రాలేదో తెలిసిపోద్ది, ఒక పూట మానేస్తే మర్నాడు అటెండరు కూడా ఏం నాయనా జొరమా అంటాడు. నాకది బాగుండాది, ఎవరో ఒకరు పట్టించుకుంటేనే నాకు చదువు ఎక్కేది. నువ్వేమో ఇంటర్లో వైవా అంటే కడుపునొప్పి తెచ్చుకున్నోడివి, ఇక్కడ రోజూ వైవానే అనుకో.

ఎన్‌ఎస్‌ఎస్, అదే కాలేజీ పిల్లోళ్ళు ఊర్లకి పోయి చేసే సేవ, దాని సంగతి కూడా అంతే. ఏడు రోజుల క్యాంపుకి ఊర్లోకి పోతాం, ఉండే మంది తక్కువ కాబట్టి మైకు మోసేదీ నువ్వే, అందులో మాట్లాడేదీ నువ్వే, రాత్రికి రిపోర్ట్ రాసేదీ నువ్వే. మా క్లాసులో నోరు తెరవని పిల్ల ఒకామె ఆ క్యాంపులోనే పంచాయతీ ఆఫీసు దగ్గర నిలబడి మాట్లాడింది, మేమంతా నోరెళ్ళబెట్టాం. ఇంకోడు మాత్రం మధ్యలోనే బస్సెక్కి ఇంటికి పోయాడు. నువ్వు వీళ్ళలో ఎవరివో నేను చెప్పలేను.

చదువు వరకు చూస్తే పెద్ద తేడా లేదు, నెల్లూరులో చదివినా ఇక్కడ చదివినా సర్టిఫికెట్ మీద ఉండేది విక్రమ సింహపురి యూనివర్సిటీనే. కాకపోతే 2023-24 నుంచి సింగిల్ మేజర్, అంటే మెయిన్ సబ్జెక్టు ఒక్కటే ఉండేది, వచ్చింది కదా, చిన్న కాలేజీలో ఉండేదే రెండు మూడు మేజర్లు, దాని పక్కన చదివే రెండో సబ్జెక్టు మైనర్ కూడా ఉన్నవాట్లోనే ఏరుకోవాల. జనం చేరకపోతే ఆ కోర్సు నడపరు, ఇంకోదాంట్లోకి మారమంటారు, మా సీనియర్ ఒకాయనకి అట్టానే అయింది, కంప్యూటర్స్ అని వచ్చి కామర్స్ చదివాడు పాపం. జాబ్ డ్రైవులకి నెల్లూరుకే పోవాల, వంద కిలోమీటర్లు దగ్గరదగ్గర.

ఇక సాయంత్రాలు. నాలుగు దాటితే టీ కొట్టు, గ్రౌండు, లేదంటే రూము. ఉదయగిరి దుర్గం కొండ ఎక్కొచ్చు, 1514లో కృష్ణదేవరాయలు గెలిచిన కోట అని మా హిస్టరీ సార్ కనపడినోళ్ళందరికీ చెప్తాడు, కానీ రోజూ ఏం ఎక్కుతావ్. వాలీబాల్ ఆడేవోడికి, పుస్తకం పట్టేవోడికి ఇబ్బంది లేదు. పక్కన ఎవరో ఒకరు కాలక్షేపం చేయించాలనుకునేవోడు మాత్రం నెలకే ముఖం వేలాడేస్తాడు. ఇంకోటి, ఎవురితోనన్నా చెడిందనుకో, ఇంకో గ్యాంగ్ చూసుకుందాం అనేదానికి ఇంకో గ్యాంగే ఉండదు, డిగ్రీ అయ్యేదాకా వాడి ముఖమే చూడాల. బస్టాండు దగ్గర ఎవరితో మాట్లాడావో కూడా చీకటి పడేలోపు ఊరంతా తెలిసిపోద్ది.

నన్నడిగితే నీకు సగం పడుద్ది, సగం పడదు. మొదటి సెమిస్టర్ ఏడుస్తావ్, ఆ తర్వాత వాలీబాల్ నిన్ను కాపాడుద్దని నా నమ్మకం. ఆన్‌లైన్‌లో ఏ కాలేజీ కావాలో ఎంచుకునే వెబ్ ఆప్షన్స్ పెట్టకముందే ఒక వర్కింగ్ డే చూసి రా, ఆదివారం వద్దు, ఖాళీ బిల్డింగ్ చూస్తే ఏం తెలుస్తది. నాతోపాటు క్లాసులో కూర్చో, సార్‌కి నేను చెప్తాలే. పర్మనెంట్ లెక్చరర్లు ఎంతమంది, గెస్ట్ ఫ్యాకల్టీ ఎంతమంది, నువ్వనుకునే మేజర్ పోయినేడు నడిచిందా లేదా, ఆఫీసులో నీ నోటితో నువ్వే అడుగు, నేను పక్కన నిలబడతా గానీ నోరు తెరవను. అది అడగలేకపోతే మనిద్దరికీ అప్పుడే తెలిసిపోద్ది.

శుక్రవారం పొద్దున బస్సుకే ఎక్కు, ఎండ ముదరకముందే దిగుతావ్. మీ అమ్మకి నేను రమ్మన్నానని చెప్పు, లేకపోతే పంపదు. వచ్చేటప్పుడు మలై కాజా తీసుకురా, అర కిలోకి తగ్గితే రూములోకి రానియ్యం.